చెరకు, రెల్లు, జానకి అమ్మాళ్

వానలు వెనుకపట్టిన పిదప, శరత్కాలమున, గోదావరి లంకలలోను ఏటిగట్ల వెంబడిని రెల్లు పూచును. దూరమునుండి చూచువారికి ఇసుకతిన్నెలపై తెల్లని మబ్బు వాలినట్లుండును. లేతగా నున్నప్పుడు దానిని పశువులు మేయును. ముదిరిన పిమ్మట పేదవారు కోసి ఇంటికప్పునకు వాడుకొందురు. అంతకు మించి దానినెవరును లెక్కచేయరు. ఐనను ఈ రెల్లు మన చెరకునకు దాయాది. నేడు మన దేశమున పండుచున్న చెరకు రకములలో ఇంచుమించు అన్నిటియందును రెల్లు రక్తము కొంత కలదు. మొక్కలకు రక్తమెక్కడిదని మీరు నవ్వవచ్చును. రక్తము లేకపోయినను వంశము కలదు. ఆ వంశవృత్తాంతము మొక్కలోనే వ్రాయబడియున్నది. దానిని చదువుటకు జీవితమంతయు వినియోగించిన విదుషి డాక్టరు జానకి అమ్మాళ్.

ఆమె 1897వ సంవత్సరము నవంబరు 4వ తేదీన మలబారు తీరమందలి తలశ్శేరి పట్టణమున జన్మించెను. ఆ ప్రాంతము అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలవలెనే మద్రాసు రాజధానిలో చేరియుండెను. తండ్రి ఇ. కె. కృష్ణన్ న్యాయాధికారి. కచేరీ పని ముగిసిన వెనుక ఆయనకు తోటపనియు, పక్షులను పరిశీలించుటయు ప్రియమైన వ్యాపకములు. కుటుంబము పెద్దది; 19 మంది సంతానములో జానకి పదవది. అక్కచెల్లెండ్రు ఒక్కొక్కరుగా పెండ్లియాడి కాపురములకు పోవుచుండగా ఆమె చదువును కోరుకొనెను. మద్రాసు నగరమందలి క్వీన్ మేరీ కళాశాలలో చదివి, 1921లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి వృక్షశాస్త్రమున ఆనర్సు పట్టము పొంది, విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో బోధకురాలయ్యెను. ఆ కాలమున మన దేశపు స్త్రీలలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే. అట్టి దినములలో ఆమె ఆసియా దేశముల స్త్రీలకై ఏర్పడిన బార్బర్ విద్యార్థివేతనము సంపాదించి, అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు ఓడనెక్కి పోయెను. నడుమ ఒకసారి మద్రాసునకు తిరిగివచ్చి పాఠములు చెప్పి, మరల వెళ్ళి, 1931లో డాక్టరు పట్టముతో స్వదేశమునకు చేరెను.

ఆమె అచట అభ్యసించినది కణశాస్త్రము. దీనినిగూర్చి కొంత వివరముగ చెప్పవలెను. ఏలయనగా దీనిని గ్రహింపనిదే ఆమె చేసిన పని యేమో మనకు బోధపడదు.

ఉల్లిగడ్డను నీరు నింపిన గ్లాసు అంచుపై నిలిపినచో, రెండు మూడు దినములలో క్రిందికి తెల్లని వేళ్ళు దిగును. వేరు కొన మిక్కిలి చురుకైన తావు. అచట కణములు ఎడతెగక రెండేసిగా చీలుచుండును. ఆ కొనను కత్తిరించి, సారాయి, ఎసిటిక్ ఆమ్లము కలిపిన ద్రవములో నుంచినచో కణములు ఏ స్థితిలో నున్నవో ఆ స్థితిలోనే నిలిచిపోవును. పిదప దానికి రంగు పట్టించి, గాజుపలకపై నుంచి, పైన పలుచని గాజుబిళ్ళ కప్పి, బొటనవ్రేలితో మెల్లగా నొత్తుదురు. ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూచినచో, చీలుచున్న కణముల నడుమ రంగెక్కిన పొట్టి పోగులు కొన్ని కానవచ్చును. వీనికే క్రోమోసోములని పేరు. రంగు పట్టిన దేహములని ఆ గ్రీకు పదమునకు అర్థము. తల్లిదండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించుట వీని ద్వారముననే.

ఒక్కొక్క జాతికి ఈ పోగుల సంఖ్య నియతమై యుండును. ఉల్లికి 16, మొక్కజొన్నకు 20, వరికి 24. లెక్కించుటలో ఏమి కష్టమున్నదని మీకు తోచవచ్చును. కాని పోగులు ఒకదానిపై నొకటి పడియుండును, కొన్ని వంగియుండును, కొన్ని అంటుకొని రెండు ఒకటిగా కనబడును. మనుష్యుని కణములో 48 పోగులు కలవని శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మియుండిరి. 1956లో టియో, లెవాన్ అను ఇద్దరు శ్రద్ధగా లెక్కించి, అవి 46 మాత్రమేయని తేల్చిరి. తన పోగులనే సరిగా లెక్కించుకొనలేకపోయిన మానవునికి నూరింటికి పైబడిన పోగులుగల గడ్డిజాతులు ఎంత చిక్కు తెచ్చియుండునో ఊహింపుడు.

ఇందు ఇంకొక విశేషము కలదు. దగ్గరి బంధువులైన మొక్కలలో ఈ సంఖ్యలు తరచుగా ఒకే మూలసంఖ్యకు గుణిజములై యుండును. గోధుమ జాతులలో కొన్నిటికి 14, కొన్నిటికి 28, మనము రొట్టెలు చేసికొను గోధుమకు 42. అన్నియు ఏడవ ఎక్కములోనివే. మన దేశవాళీ ప్రత్తికి 26 పోగులుండగా, అమెరికా ప్రత్తికి 52 కలవు. ఇట్లు పోగుల జట్లు పెరుగుటను పాలీప్లాయిడీ యందురు. దీనివలన మొక్క స్వరూపమే మారవచ్చును. ఆకు దళసరి కావచ్చును, పూవు పెద్దది కావచ్చును, ఒక్కొక్కప్పుడు గింజ పట్టకపోవచ్చును. మనము తిను అరటిపండ్లలో పెక్కింటికి విత్తులు లేకుండుటకు ఒక ముఖ్యకారణము, ఆ రకములకు రెండు జట్లకు బదులు మూడు జట్లు, అనగా 33 పోగులుండుటయే. మూడు జట్లను సమభాగములుగా పంచుట ఎవరికి సాధ్యము? కణమునకును సాధ్యము కాదు. కనుక విత్తు ఏర్పడదు.

జానకి అమ్మాళ్ తిరువనంతపురమున రెండు సంవత్సరములు ఆచార్యపదవి నిర్వహించి, 1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధనాలయమున చేరెను. అది 1912లో స్థాపింపబడినది. ఆనాటి చెరకు కథ కొంత విచారకరమైనది. చెరకు మన దేశమునకు కొత్త పంట కాదు; బెల్లము మన ఋషులకును తెలియును. కాని ఉత్తరదేశపు రైతులు పండించుచుండిన చెరకు గడలు సన్ననివి, రసము తక్కువైనవి. లావైన, మెత్తనైన, రసభరితమైన చెరకు న్యూగినీ ద్వీపమున పుట్టి ఇతర దేశములకు వ్యాపించినది. అది మన ఉత్తరదేశపు చలికిని, తెగుళ్ళకును తాళలేకపోయెను. 1930 ప్రాంతము వరకు మన దేశము జావా ద్వీపమునుండి ఓడలతో చక్కెర తెప్పించుకొనుచుండెను. చెరకు పుట్టి పెరిగిన నేలవారు చక్కెర కొరకు సముద్రము వంక చూచుచుండిరన్న మాట.

బార్బర్, వెంకట్రామన్ అను శాస్త్రజ్ఞులు కోయంబత్తూరులో దీనికి ఉపాయము వెదకిరి. రైతు చెరకును ముచ్చెలు నాటి పెంచునే గాని విత్తు చల్లి పెంచడు. పెక్కుచోట్ల చెరకు పూచినను గింజ పట్టదు. కోయంబత్తూరు వాతావరణమున అది పూచి, మొలకెత్తు గింజనిచ్చును. అందువలననే పరిశోధనాలయమును అచట నెలకొల్పిరి. వారు తీయని చెరకు పూవునకు రెల్లు పుప్పొడి నందించిరి. రెల్లునకు తీపి లేకున్నను, వరదకు చావదు, ఎండకు వాడదు, తెగులునకు లొంగదు. ఆ సంకరమునుండి పుట్టిన కో 205 అను రకము 1918లో రైతుల కందెను. తరువాత ఆ వరుసలో వచ్చిన రకములే దేశమంతట వ్యాపించినవి. అనకాపల్లి బెల్లము తిన్నవారు రెల్లు తెచ్చిన మేలును ఎరుగకయే అనుభవించినవారు.

ఇక్కడనే ఒక చిక్కులెక్క యున్నది. తీయని చెరకునకు 80 పోగులు. కోయంబత్తూరు రెల్లునకు 64. సంతతికి తల్లి తన పోగులలో సగమును, తండ్రి తన పోగులలో సగమును ఇచ్చుట ప్రకృతి మర్యాద. కనుక బిడ్డకు 40, 32 కలిపి 72 పోగులుండవలెను. మీరును అట్లే లెక్కవేసియుందురు. కాని సూక్ష్మదర్శినిలో చూడగా 112 కనబడినవి! జావాలో పనిచేసిన బ్రెమర్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఇట్టి వింతను ముందుగా కనిపెట్టెను. తల్లి చెరకు తనలో సగము గాక పూర్తిగా 80 పోగులను బిడ్డ కిచ్చుచున్నది. తండ్రి రెల్లు మాత్రము మర్యాద తప్పక 32 ఇచ్చుచున్నది. అందువలన బిడ్డలో చెరకు పాలు ఎక్కువ, రెల్లు పాలు తక్కువ. తీపి చాలవరకు నిలిచి, దానికి రెల్లు యొక్క దార్ఢ్యము తోడగుటకు ఇది సహాయమైనది. లెక్క తెలియకముందు ఇది అదృష్టము. లెక్క తెలిసిన వెనుక ఇది ఉపాయము. ఏ మొక్కను దేనితో కలిపిన ఏమి రాగలదో ముందుగానే కొంత ఊహించుటకు వీలు కలిగినది.

ఈ లెక్కలను కోయంబత్తూరులో విస్తృతముగ సాగించినది జానకి అమ్మాళ్. రెల్లు ఒక్కటిగా కనబడునే గాని, దానిలో 40 పోగులవి మొదలు 128 పోగులవి వరకు కలవు. సాధారణముగా పోగులు తక్కువగానున్న రకములు పాతవి, ఎక్కువగానున్నవి వానినుండి పుట్టినవి. కనుక ఏ సంఖ్యగల రెల్లు ఏ ప్రాంతమున నున్నదో గుర్తించినచో, ఆ జాతి ఎచట పుట్టి ఎటు ప్రయాణము చేసెనో ఊహింపవచ్చును. రెల్లు పుట్టినిల్లు భారతదేశమేయను నిర్ణయమునకు ఆమె పరిశోధనలు బలమిచ్చినవి. ఆమె చెరకును మొక్కజొన్నతోకూడ సంకరము చేసి, ఆ ఫలితమును 1938లో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. ఆ సంకరము రైతు పొలమునకు చేరలేదు. ఐనను గడ్డిజాతుల నడుమ చుట్టరికము ఎంతదూరము పోవునో దానివలన తెలిసెను. సర్ సి. వి. రామన్ స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ 1935లోనే ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను.

ఇంత పని చేసినను ఆమెకు అచట మనశ్శాంతి లేకుండెనని ఆమె జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. ఆమె అవివాహిత, నాటి సమాజము తక్కువగా నెంచిన తీయ కులమున పుట్టినది, అందరును పురుషులేయైన చోట తానొక్కతె స్త్రీ. సూక్ష్మదర్శినిలోని పోగులు లెక్కించువాని కులమును అడుగవు, మనుష్యులు అడుగుదురు. 1939 ఆగస్టులో ఎడిన్‌బరో నగరమున జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు ఆమె వెళ్ళెను. సభ జరుగుచుండగనే యుద్ధమేఘములు క్రమ్మెను. సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. ఆమె ఇంగ్లాండులోనే నిలిచి, 1940లో లండను సమీపమందలి జాన్ ఇన్నెస్ పరిశోధనాలయమున చేరెను.

రాత్రులు జర్మను విమానములు బాంబులు కురిపించుచుండెడివి. అట్టి వేళ మంచము క్రింద దూరి, తెల్లవారిన తరువాత బల్లలపై రాలిన గాజుపెంకులు ఊడ్చివేసి తిరిగి పనికి కూర్చుండెడిదాననని ఆమె తరువాతికాలమున చెప్పుచుండెనట. ఆ గాజుపెంకుల నడుమ తయారైన గ్రంథము 1945లో వెలువడెను. సి. డి. డార్లింగ్టన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞునితో కలిసి ఆమె కూర్చిన 'సాగుమొక్కల క్రోమోసోమ్ అట్లాసు' అది. అట్లాసు అనగా మీకు దేశపటములు జ్ఞప్తికి వచ్చును. ఇందు పటములు లేవు, పట్టికలు కలవు. మొక్క పేరు, దాని పోగుల సంఖ్య, ఆ సంఖ్యను లెక్కించినవారి పేరు, ఆ మొక్క పుట్టుచోటు—ఇట్లు వేలకొలది మొక్కలకు వరుసగా కూర్చియున్నవి. చదువుటకు ఇంత నీరసమైన పుస్తకము మరియొకటి లేదని తోచును. ఐనను కొత్తవంగడమును సృష్టింపదలచినవాడు మొదట తెరచి చూడవలసినది దానినే. ఈ మొక్కకును ఆ మొక్కకును సంబంధము కుదురునా కుదరదా, కుదిరినచో బిడ్డకు గింజ పట్టునా పట్టదా అను సంగతికి మొదటి ఆధారము ఆ సంఖ్యయే గదా! పెండ్లికి ముందు జాతకములు చూచు పెద్దలవలె, మొక్కలను కలుపువారు దానిని చూచెడివారు. తేడా యొక్కటే: ఈ జాతకము కంటితో చూచి వ్రాసినది. పదేండ్ల తరువాత, 1955లో, డార్లింగ్టన్ వైలీయను సహచరునితో కలిసి దానిని పుష్పించు మొక్కలన్నిటికిని విస్తరించి ప్రకటించెను.

యుద్ధానంతరము ఆమె విస్లీ యందలి రాజకీయోద్యాన సంఘమువారి తోటలో కణశాస్త్రజ్ఞురాలిగా పనిచేసెను. అచట ఆమె కాల్చిసిన్ అను ద్రవ్యముతో ప్రయోగములు చేసెను. ఈ ద్రవ్యము మన అడవినాభి దుంపలోను కలదు, విషము. దీనిని మొలకపై ప్రయోగించినచో, కణమున పోగులు రెట్టింపగును గాని కణము రెండుగా చీలదు. అనగా 38 పోగుల కణము 76 పోగుల కణమగును. మాగ్నోలియా అను చెట్టు మన సంపెంగకు బంధువు. దాని మొలకల కామె ఇట్లు చికిత్స చేయగా పెరిగిన చెట్లు విస్లీ తోటలోని గుట్టపై ఇప్పటికిని పూయుచుండును. వానిలో ఒక రకమునకు ఆమె పేరే పెట్టబడినది. 2018లో కొడైకెనాలులోని గులాబీ పెంపకందారులు తమ క్రొత్త గులాబి కొకదానికి కూడ ఆమె పేరుంచిరి.

1951లో ప్రధానమంత్రి నెహ్రూ ఆహ్వానముపై ఆమె స్వదేశమునకు వచ్చి, భారత వృక్షపరిశీలన శాఖను పునర్వ్యవస్థీకరించు పనికి పూనుకొనెను. ఆ శాఖ ఆంగ్లేయులు 1890లో స్థాపించినది. మన అడవుల మొక్కల నమూనాలు చాలవరకు లండనులోని క్యూ తోటకు చేరియుండెను. మన మొక్కలను మన దేశీయులే మన నేలపై చదువవలెనని ఆమె పట్టుదల. తరువాత అలహాబాదు, జమ్ము మున్నగు చోట్ల పనిచేయుచు హిమాలయముల మొక్కలను పరిశీలించెను. చలియు తేమయు గల ఈశాన్య హిమాలయములలో పాలీప్లాయిడు మొక్కలు ఎక్కువగను, చలియు పొడిగాలియు గల వాయవ్యమున తక్కువగను ఉన్నట్లు ఆమె కనుగొనెను. చైనా, మలయా, భారత దేశముల మొక్కలు ఈశాన్యమున కలిసికొని, సంకరమై, కొత్తజాతులకు పుట్టినిల్లయినవని ఆమె అభిప్రాయము.

ఆ యాత్రలలో నొక సంగతి ఆమె మనస్సును మిక్కిలి నొప్పించెను. షిల్లాంగునకు 37 మైళ్ళ దూరమున ఒక అరుదైన మాగ్నోలియా చెట్టున్నది. ఆ ప్రాంతమున ఆ జాతి కదియొక్కటే. దానిని చూచుటకు ఆమె శ్రమపడి వెళ్ళెను. చెట్టు కాల్చివేయబడియుండెను. ఈ సంగతిని ఆమె డార్లింగ్టనునకు లేఖలో వ్రాసికొనెను. అది దేశము ఆహారోత్పత్తికై తహతహలాడుచు, అడవులు కొట్టి పొలములు చేయుచున్న కాలము. అన్నము పండింపవలదని ఆమె ఎన్నడును అనలేదు. చెరకును వృద్ధిపరచినది ఆమెయే గదా. కాని చెరకును రక్షించినది ఎవరును లెక్కచేయని రెల్లు అను సంగతి ఆమెకు తెలిసినంత ఇతరులకు తెలియదు. ఏ అడవిమొక్క రేపు ఏ పంటకు ప్రాణదానము చేయునో ఎవరు చెప్పగలరు? 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ నగరమున, మానవుడు భూముఖమును ఎట్లు మార్చుచున్నాడను విషయముపై మహాసభ జరిగెను. ఆహ్వానింపబడిన విద్వాంసులలో స్త్రీ ఆమె యొక్కతెయే. ఆమె అచట భారతదేశపు గ్రామీణుల, ఆటవికుల జీవనాధారములను గూర్చి, వారికి మొక్కలతో గల సంబంధమును గూర్చి ప్రసంగించెను. ప్రభుత్వము 1977లో ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చెను.

1970లో ఆమె మద్రాసునకు మరలివచ్చి, నగరపు పొలిమేరలోని మదురవాయల్ నందు విశ్వవిద్యాలయమువారి క్షేత్రపరిశోధనాలయమున ఓషధుల తోట పెంచుచు నివసించెను. ఆ దినములలోనే కేరళలోని పాలక్కాడు జిల్లాయందు సైలెంట్ వ్యాలీ అను లోయలో, కుంతిపుళ నదిపై జలవిద్యుత్తునకై ఆనకట్ట కట్టవలెనను ప్రయత్నము సాగుచుండెను. కట్టినచో 8 చదరపు కిలోమీటర్లకు పైబడిన పురాతనారణ్యము మునిగిపోవును. ఉపాధ్యాయులు, కవులు, శాస్త్రజ్ఞులు దాని నెదిరించిరి. విద్యుత్తు కావలెనను వారి మాటయు త్రోసివేయదగినది కాదు. కేరళలో దీపము లేని ఇండ్లు అప్పుడనేకము. ఎనుబది యేండ్లు దాటిన జానకి అమ్మాళ్ అడవి పక్షమున నిలిచెను. అంతతో ఊరకొనక, ఆ అడవి చెట్ల క్రోమోసోములను లెక్కించి పట్టిక కూర్చెదనని సంకల్పించెను. మునిగిపోవు దానిలో ఏమున్నదో ముందు తెలిసికొనవలెను గదా! ఏబది యేండ్ల క్రిందట రెల్లును లెక్కించిన చేయి మరల సూక్ష్మదర్శినిని సవరించుకొనెను.

1983లో ఆ ఆనకట్ట ప్రయత్నము విరమింపబడెను. 1984 ఫిబ్రవరి 7వ తేదీన, 86 ఏండ్ల వయస్సున, మదురవాయల్ పరిశోధనాలయముననే జానకి అమ్మాళ్ కన్నుమూసెను. ఆ సంవత్సరము నవంబరు 15వ తేదీన సైలెంట్ వ్యాలీ జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. కుంతిపుళ నేటికిని ఆ లోయలో ఆనకట్ట లేకయే పారుచున్నది.